ఇరుకు వంటగదిలో ఫ్రిజ్ వెనక ప్లగ్ పాయింట్ ఉంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: వంటగది వెడల్పు ఆరడుగులే, ప్లగ్ పాయింట్ సరిగ్గా ఫ్రిజ్ వెనకే వచ్చింది, ప్లగ్ పెడితే ఫ్రిజ్ ముందుకొచ్చి తలుపు పూర్తిగా తెరుచుకోవట్లేదు. మిక్సీ, ఇండక్షన్ పొయ్యి, కెటిల్ అన్నీ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుస్తున్నాయి. గోడ తొలిచి సాకెట్‌ని లోపలికి దించితే సరిపోతుందా అని. నేను నెల్లూరులో వైరింగ్ పని చేస్తాను. ఊళ్లో పాత మిద్దెల్లోనూ, కొత్త అపార్ట్‌మెంట్లలోనూ ఇదే బాధ చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

గోడ తొలిపించబాకండి. సాకెట్‌ని పక్కకు జరిపించండి.

ఎందుకంటే, మామూలు పెట్టెతో సాకెట్‌ని లోపలికి దించినా ప్లగ్ టాప్ బయటే ఉంటుంది. పవర్ ప్లగ్ మందం, దాని వెనక వైరు వంపు తిరిగే జాగా కలిపితే రెండున్నర, మూడు అంగుళాలు. అదంతా గోడలోకి పోవాలంటే పెద్ద గూడే చెక్కాలి. వంటగది అడ్డగోడలు మన దగ్గర ఎక్కువగా నాలుగున్నర అంగుళాలవి. అందులో అంత లోతు తొలిస్తే మిగిలేది పెచ్చు. అవతల బాత్రూం ఉంటే తడి మెల్లగా పెట్టెలోకి దిగుతుంది. అక్కడున్నది పిల్లరైతే ఉలి ఆనించనే కూడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్రిజ్‌ని గోడకు పూర్తిగా ఆనించడం మంచిది కాదు. లోపలి వేడిని అది వెనక నుంచో, పక్కల నుంచో బయటికి వదలాలి. పాత వాటికి వెనక నల్ల జాలీ కనపడేది, కొత్త వాటిలో ఆ గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఎంత ఖాళీ వదలాలో ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ ఖాళీ తగ్గితే మన రోహిణి కార్తె ఎండల్లో మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

స్టోన్‌హౌస్‌పేటలో ఒక ఇంట్లో మీలాగే జాగా చాలక ఫ్రిజ్‌ని బలంగా వెనక్కి నెట్టి పెట్టుకున్నారు. మాడువాసన వస్తోందని పిలిస్తే వెళ్లాను. జరిపి చూస్తే ప్లగ్ పిన్నులు కిందికి వంగిపోయి ఉన్నాయి, సాకెట్ ముఖం కాఫీ రంగుకు తిరిగింది. ఆ ఇంటి పెద్దమ్మ అడిగిన ప్రశ్న మంచిది: "అంత కాలిపోతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదయ్యా?" ఎంసీబీ అంటే బోర్డులో ఉండే, కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్. ఇక్కడ ఫ్రిజ్ తీసుకునే కరెంటు పెరగలేదు. పిన్ను వంగితే లోపలి ఇత్తడి రేకుని ఒక మూల మాత్రమే తాకుతుంది. కరెంటంతా ఆ చిన్న చోటు గుండా పోవాలి కాబట్టి అక్కడ వేడి పుడుతుంది. వేడికి రేకు బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గేకొద్దీ ఇంకా వేడి. ఎంసీబీ లెక్క చూసేది లైనులో ఎంత కరెంటు పోతోందనే, ప్లగ్ కాడ వేడి దానికి తెలియదు. ఫ్రిజ్ వెనక ఉన్న సాకెట్‌ని ఎవరూ చూడరు, అసలు ప్రమాదం అదే.

అందుకే నేను ప్రతి ఇంట్లోనూ పట్టుబట్టేది ఒక్కటే: ప్లగ్ ఎక్కడున్నా కంటికి కనపడాలి, స్విచ్ చేతికి అందాలి. మీ ఇంట్లో ఫ్రిజ్ పక్కన, వంట గట్టు కన్నా ఎత్తులో కొత్త పాయింట్ పెట్టించండి. ముందు ఫ్రిజ్ వైరు పొడవు కొలవండి. అది వెనక కింది నుంచి బయల్దేరుతుంది కాబట్టి అనుకున్నంత ఎత్తు అందదు. పాత పెట్టెని సిమెంటుతో పూడ్చబాకండి. లోపలి జాయింట్లు కనెక్టర్లతో బిగించి పైన ఖాళీ ప్లేటు వేస్తే చాలు, రేపు ఏదన్నా తేడా వస్తే విప్పి చూసుకోవచ్చు.

పక్కన అసలు చోటే లేదంటే, వైరు పక్కకు దిగే పల్చటి ప్లగ్ టాప్‌లు దొరుకుతాయి. అవి అంగుళం పైచిలుకు జాగా మిగులుస్తాయి. కాకపోతే ఫ్రిజ్‌తో వచ్చిన ప్లగ్ కోయాలి, కాబట్టి వారంటీలో ఉంటే ముందు కంపెనీ వాళ్లని అడగండి. పెద్ద ప్లగ్‌ని చిన్న సాకెట్‌లో పెట్టుకునే కన్వర్షన్ ప్లగ్ మాత్రం వద్దే వద్దు. అది ఇంకో రెండు అంగుళాలు ముందుకొస్తుంది, పైగా బరువుకి కిందికి జారుతూ ఉంటుంది.

ఇక ఎక్స్‌టెన్షన్ బాక్సు. నిజం చెప్పాలంటే ఫ్రిజ్ కన్నా నాకు దీని గురించే భయంగా ఉంది. 6 యాంపియర్ల బాక్సు 230 వోల్టుల మీద మోయగలిగేది 1380 వాట్లు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఒక్కటే దాదాపు 8.7 యాంపియర్లు తీసుకుంటుంది, 1500 వాట్ల కెటిల్ 6.5. 750 వాట్ల మిక్సీ మూడు చిల్లర, దానికి ఇబ్బంది లేదు. పొద్దున పూట ఇండక్షన్ మీద ఇడ్లీ, పక్కన కెటిల్, ఆపైన చట్నీకి మిక్సీ తిప్పితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఇండక్షన్‌కీ కెటిల్‌కీ 16 యాంపియర్ల పాయింట్లు కావాలి. ఒక్కో పాయింట్‌కి విడిగా లైను లాగితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, రెండూ ఒకే లైను మీద నడిపితే 4, దానికి తగిన ఎంసీబీ. లైట్ల లైనులో నుంచి 1.5 వైరు లాగి పవర్ సాకెట్ బిగించేవాళ్లు ఉన్నారు. మీ మేస్త్రి ఏ వైరు తెచ్చాడో చుట్ట మీద చదివి చూడండి, అడిగితే తప్పేం కాదు.

జాగా తక్కువ కాబట్టి ప్లేటులో సర్దుబాటు కూడా ముఖ్యం. మాడ్యులర్ ప్లేటులో సాకెట్‌కి రెండు గళ్లు, స్విచ్‌కి ఒకటి. ఆరు గళ్ల ప్లేటు తీసుకుని సాకెట్, స్విచ్, స్విచ్, సాకెట్ ఈ వరసలో పెట్టమనండి. రెండు సాకెట్లు పక్కపక్కనే పెడితే ఒక లావు ప్లగ్ పెట్టగానే రెండోది మూసుకుపోతుంది. వెనక పెట్టె లోతుది తీసుకోండి. 4 వైరు బిరుసుగా ఉంటుంది, చిన్న పెట్టెలో కుక్కి స్క్రూ బిగిస్తే పైతొడుగు నలుగుతుంది. గట్టు మీద నుంచి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు వదిలితే మిక్సీ ప్లగ్ వైరు గట్టుకి తగలకుండా దిగుతుంది.

పొయ్యికి నేరుగా పైన, సింకుకి పైనా కిందా సాకెట్ పెట్టబాకండి. నేను రెండడుగులైనా దూరం చూసుకుంటాను. వాటర్ ప్యూరిఫయర్ వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు కాడే కారిపోతాయి, సాకెట్‌లోకి పోవు.

గట్టు వెనక గోడకు చీమకుర్తి గ్రానైట్ వేయించాలనుకుంటున్నట్టయితే, రాయి అంటించకముందే సాకెట్ కొలతలు రాయి కోసేవాళ్లకి ఇచ్చి బొక్క కొట్టించండి. అంటించాక చతురస్రంగా కోయబోతే మూలల కాడ పగులు పారుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లయితే ఉప్పుగాలికి ఇనప స్క్రూలు తుప్పు పడతాయి, ఇత్తడికి పచ్చటి చిలుం పడుతుంది. అక్కడి ఇళ్లలో ఏడాదికోసారి మెయిన్ ఆపి సాకెట్లు విప్పి బిగువు చూడాల్సిందే.

ఎర్త్ గురించి ఎవరూ అడగరు, మీరు తప్పకుండా అడగండి. కనిగిరి, పొదిలి వైపు నేల ఎండాకాలం పూర్తిగా ఆరిపోతుంది, ఎర్త్ గుంతలో తడి లేకపోతే మూడో పిన్ను ఉన్నా దాని పని అది సరిగ్గా చేయలేదు. గుంతలో నీళ్లు పోస్తుండాలి. దానితో పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్, పెట్టించండి. తడి చేతులతో పనిచేసే చోట మనిషిని కాపాడేది అదే, ఎంసీబీ కాపాడేది వైరుని. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి పడుతుందో లేదో చూడండి.

ఈ పనులు లైసెన్స్ ఉన్న మనిషితోనే, మెయిన్ ఆపించి చేయించండి. కొత్త సాకెట్ బిగించాక ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి. మీ ముందే టెస్టర్ పెట్టి చూపించమనండి.

ఫ్రిజ్ వైరు పొడవు, గోడకి అవతల ఏ గది ఉంది, బోర్డు నుంచి వంటగదికి ఇప్పుడు ఎన్ని లైన్లు వస్తున్నాయి, ఈ మూడూ రాయండి. పాయింట్ ఏ గోడ మీదికి మారిస్తే తక్కువ గాడి కొట్టాల్సి వస్తుందో చెప్తాను.