పాటల పెట్టె: రెండు గొంతులు, ఒకే పాట

ప్రశ్న: అమెరికా నుంచి మా అబ్బాయి 'వుడ్‌ల్యాండ్' అనే ఆల్బం పంపాడు, జిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ పాడినది. రెండు గొంతులున్నాయని తెలుస్తోంది కానీ చాలాచోట్ల ఏది ఎవరిదో పట్టుకోలేకపోతున్నాను. మన జంట గాయకులు ఇలా పాడరు కదా?
– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: మీ చెవికి ఏమీ కాలేదు మాస్టారూ, వాళ్లు కావాలనే అలా పాడతారు. మన హైదరాబాద్ బ్రదర్స్ కచేరీ వినండి, ఇద్దరూ ఒకే స్వరం మీద నడుస్తారు, లేదంటే ఒకరు ఆపినచోట ఇంకొకరు అందుకుంటారు. బుర్రకథలో వంతలూ కథకుడి వరసనే అందుకుంటారు. వీళ్లది హార్మనీ, అంటే ఒకరు 'స' మీద ఉంటే రెండోవాళ్లు అదే మాటను అదే క్షణంలో 'గ' మీద పాడటం లాంటిది. అమెరికాలో లూవిన్ బ్రదర్స్, ఎవర్లీ బ్రదర్స్ లాంటి అన్నదమ్ముల జంటలు దీనికి పెట్టింది పేరు, ఒకే ఇంటి గొంతులు కాబట్టి అంతగా కలిశాయని అంటుంటారు. మరి వీళ్లిద్దరికీ రక్తసంబంధమే లేదు! బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో కలిశారు, నాష్‌విల్ నగరం చేరారు, 1996లో మొదటి ఆల్బం తెచ్చారు, అప్పటినుంచీ కలిసే పాడుతున్నారు.

నాకు నచ్చేది రాలింగ్స్ పద్ధతి. ఎప్పుడూ ఆ 'స–గ' దూరంలోనే ఉండడు, ఒక్కోచోట జోడీ గాయని వెల్చ్ స్వరానికి మరీ దగ్గరగా వచ్చి, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయేమో అనిపించేదాకా నిలబెట్టి, అప్పుడు మెల్లగా తప్పుకుంటాడు. పైగా ఇద్దరూ స్వరాన్ని పెద్దగా ఊపరు, మాటను ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగిస్తారు. మీరు తికమకపడింది అక్కడే. అతని చేతిలో 1935 నాటి చిన్న ఎపిఫోన్ గిటారు ఉంటుంది, గొంతులు ఆగినచోట మూడో మనిషిలా అదే మాట్లాడుతుంది.

ఇంత చేసినా చాలా ఏళ్లు అట్ట మీద ఆమె పేరే ఉండేది. పాటలు రాయడంలోనూ అతని చెయ్యి ఉంది కాబట్టి నాకు అది కొంచెం అన్యాయంగానే తోస్తుంది. 2020లో పాత పాటలతో చేసిన ఆల్బంకి మొదటిసారి ఇద్దరి పేర్లూ వేశారు, సొంత పాటలతో అలా వచ్చింది మాత్రం 2024 ఆగస్టులో ఈ 'వుడ్‌ల్యాండ్'తోనే.

ప్రశ్న: వుడ్‌ల్యాండ్ అంటే అడవి గురించిన పాటలా?
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: కాదమ్మా, అది తూర్పు నాష్‌విల్‌లో వాళ్ల స్టూడియో పేరు. 2020 మార్చిలో టోర్నడో వచ్చి దాని పైకప్పు దెబ్బతింది. లోపలికి వాన కురుస్తుంటే వాళ్లే ఆ చీకట్లో మాస్టర్ టేపులూ (అసలు రికార్డింగులు) వాయిద్యాలూ తడవకుండా మోసుకుని కాపాడుకున్నారు. తర్వాత దాన్ని బాగుచేసుకుని అక్కడే ఈ 10 పాటలు రికార్డు చేశారు. 2025లో ఉత్తమ జానపద ఆల్బంగా గ్రామీ వచ్చింది. కొన్ని పాటల్లో డ్రమ్స్, వయొలిన్లు కూడా వినిపిస్తాయి, బాగానే ఉన్నాయి, కానీ ఇద్దరే ఉన్న పాటలకే నా ఓటు.

ప్రశ్న: మా చెల్లీ నేనూ ఇలా పాడాలనుకుంటున్నాం. ముందు ఏది వినాలి?
– గృహిణి, నంద్యాల

జవాబు: వాళ్ల 2001 ఆల్బం 'టైమ్ (ది రెవెలేటర్)' వినండి. అందులో చివరి పాట 14 నిమిషాలు దాటుతుంది, దాన్ని మాత్రం తీరిగ్గా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఇక సాధనకు తెలిసిన లాలిపాట ఒకటి చాలు. మీరు వరస మార్చకుండా పాడండి, చెల్లిని 'గ' నుంచి మొదలుపెట్టమనండి, తను మీ స్వరంలోకి జారిపోతుంటే ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని వేగం సగానికి తగ్గించండి. పక్క గొంతు ఎప్పుడూ అసలు గొంతుకంటే ఒక పాలు తక్కువగానే వినపడాలి, ఈ సంగతి చెల్లికి మీరే చెప్పుకోండి, నేను చెబితే అలుగుతుందేమో.