ఉచిత లైబ్రరీకి మార్కెటింగ్ ఎందుకు?
ఉచితంగా నడిచే ప్రభుత్వ లైబ్రరీకి మార్కెటింగ్ అవసరమా అంటే, ముమ్మాటికీ అవసరం. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టేది మనమే, కాబట్టి అది మనకు ఉపయోగపడాలి. ఎవరికి ఏం కావాలో లైబ్రరీ వాళ్లు కనుక్కుని, అది తమ దగ్గర ఉందని పాఠకులకు చెప్పడమే మార్కెటింగ్.

పాలమూరు వైపు గ్రూప్స్, డీఎస్సీకి చదివే పిల్లలు సొంత పుస్తకాలు సంచీలో మోసుకొచ్చి, లైబ్రరీలో కుర్చీ, ఫ్యాను మాత్రమే వాడుకోవడం మామూలే. వాళ్లకు పనికొచ్చే తెలుగు అకాడమీ పుస్తకాలు కొన్నిచోట్ల పక్కనే బీరువాలో తాళం వేసి ఉంటాయి. నాయకత్వం కావాల్సింది ఇక్కడే. పుస్తకం పోతే తన మీదికొస్తుందన్న టెన్షన్ ఉన్నంతకాలం అటెండర్ ఆ తాళం తీయడు. బాధ్యత తనదని లైబ్రేరియన్ ముందే గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే వాట్సాప్ గ్రూపుల్లో కొత్త పుస్తకాల ఫొటోలు, నవంబర్ 14–20 గ్రంథాలయ వారోత్సవాల్లో సభ్యత్వాలు.