ఉపవాసం మధ్యలో ఆగితే రక్షణ పోతుందా?

సోదరీ, అమ్మగారిని ఆస్పత్రిలో చేర్చడంతో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల నలభై రోజుల ఉపవాసం పన్నెండో రోజే ఆగిపోయిందని, ఇక రక్షణ, అంటే పాపవిముక్తి, చేజారినట్టేనా అని అడిగారు. లేదమ్మా. ఆ భయాన్ని ఈ రాత్రే దించేసుకోండి.

లూకా సువార్త 23వ అధ్యాయం తెరవండి. యేసు పక్కన సిలువ మీద ఉన్న నేరస్థుడు ఏ ఉపవాసం చేశాడు? బాప్తిస్మం తీసుకునే వ్యవధి కూడా లేదు. తనను జ్ఞాపకం చేసుకోమన్నాడు, అంతే. ఆ రోజే పరదైసు, అంటే పరలోక భాగ్యం, దొరికింది. యోహాను 19:30లో ప్రాణం విడిచే ముందు యేసు పలికిన "సమాప్తమైనది"కి గ్రీకు మూలంలో ఉన్నది ఒకే మాట: తెతెలెస్తై. పని పూర్తయింది, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంది అని ఆ క్రియారూపం చెబుతుంది. పూర్తయిన దానికి మన ఆకలి కొత్తగా ఏమి చేరుస్తుంది?

మరి ఉపవాసం ఎందుకంటారా? కృతజ్ఞతకు, ప్రార్థనలో మనసు నిలవడానికి. వెల చెల్లించడానికి కాదు. ఎఫెసీయులకు 2:8 రక్షణను దేవుని వరమనే అంటుంది.

నేనూ ఇక్కడ చెన్నైలో పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ మెట్లెక్కుతూ, ఒక శుక్రవారం మోకాలి నొప్పితో సగంలోనే కూలబడి ఏడ్చాను. చేతిలోని కొవ్వొత్తి ఎండకు మెత్తబడి వంగిపోయింది. పైకి చేరలేని నా కోసమే కదా ఆయన దిగివచ్చాడని అప్పుడు తెలిసింది.

రేపు అమ్మగారికి గంజి తాగించేటప్పుడు మీరూ కాస్త తినండి. వీలైతే రోమీయులకు 5:8 ఆమెకు చదివి వినిపించండి.