అడగండి, చెప్తా: బేజూస్ అంటే ప్రేమ కాదు నాయనా

పోయిన సంచికలో బ్రెజిల్‌లోని సావో పాలో కబుర్లు రాశాను కదా, ఆఫీసు పని మీద వెళ్ళి పద్నాలుగు నెలలు ఉండొచ్చిన సంగతి. కాఫీ గురించో ట్రాఫిక్ గురించో అడుగుతారనుకున్నా. బెంగళూరు పాఠకులు దాదాపు అందరూ అడిగింది మాత్రం ఒక్క విషయమే, అక్కడి ప్రేమ వ్యవహారాలు. సరే, మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

ప్రశ్న: అన్నా, నాకు 27. మారతహళ్లిలో పీజీలో ఉంటాను. మా టీమ్‌లో సగం మంది సావో పాలోలోనే, వచ్చే నెల నేనూ ఆరు నెలలకి వెళ్తున్నా. అక్కడి అమ్మాయి ఒకరు నాకు మెసేజ్ పెట్టిన ప్రతిసారీ చివర్లో 'బేజూస్' అని రాస్తోంది. ఫోన్లో అర్థం చూస్తే 'ముద్దులు' అని వచ్చింది. అప్పట్నుంచి నిద్ర లేదు. రూమ్మేట్లు పార్టీ ఎప్పుడంటున్నారు.

జవాబు: ఇవ్వకు తమ్ముడూ. నేను ఇచ్చి ఉన్నాను. వెళ్ళిన రెండో వారంలో నాకూ అలాంటి మెసేజే వస్తే, ఫ్లాట్‌లో ఉన్న ఇద్దరు తెలుగు కుర్రాళ్ళకి చూపించాను, ముగ్గురం కలిసి ఆ రాత్రి పెళ్ళి కర్నూల్లో పెట్టుకోవాలా బెంగళూరులో పెట్టుకోవాలా అన్నదాకా వెళ్ళిపోయాం. మర్నాడు ఆఫీసు గ్రూపులో చూద్దును కదా, అదే అమ్మాయి ఏసీ బాగుచేసే పెద్దాయనకి కూడా 'థాంక్స్, బేజూస్' అని పెట్టింది. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టి తన పని తాను చూసుకున్నాడు. మనం 'ఉంటా మరి' అని ఫోన్ పెట్టేస్తామే, అంతే అది.

ఎదురుపడినప్పుడూ ఇదే తంతు. సావో పాలోలో ఆడవాళ్ళని పలకరిస్తే చెంపకి చెంప ఆనించి గాల్లో ఒక ముద్దు, రియోలో అయితే రెండు. పదిమంది ఉన్న గదిలోకి వెళ్తే పదిమందితోనూ, వచ్చేటప్పుడు మళ్ళీ పదిమందితోనూ. 'ఇక వెళ్తా' అన్నాక గుమ్మం దాటడానికి అరగంట.

ఇంకో గోతిలో పడకు. 'వామూస్ మార్కార్' అంటారు, అంటే 'ఒకరోజు అనుకుని కలుద్దాం' అని. నేను వెంటనే క్యాలెండర్ తీసి శనివారమా ఆదివారమా అని అడిగేవాణ్ణి, వాళ్ళు నన్ను జాలిగా చూసేవాళ్ళు. మనం బస్టాండులో కనిపించిన చుట్టాన్ని 'వీలు చూసుకుని ఇంటికి రండి' అంటాం కదా, దానికి తమ్ముడు ఇది. రోజు, చోటు, టైము మూడూ చెప్పి, ఆ మధ్యాహ్నం 'వస్తున్నావుగా' అని వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ కూడా పడితేనే అది నిజమైన పిలుపు.

అసలు విషయానికొస్తే, అక్కడ 'ఫికార్' అని ఒక మాట ఉంది. అక్షరాలా 'ఉండిపోవడం'. వాడేది మాత్రం ఉండిపోతారో లేదో తెలియని వ్యవహారానికి! పార్టీలో ముద్దు పెట్టుకున్నారు, ఆ రాత్రితో సరి, అది ఫికార్. అదే మనిషిని నెల రోజులుగా కలుస్తుంటే ఆ మనిషి 'ఫికాంచీ'. 'నమొరార్', అంటే జంటగా ఉండడం, అన్న మాట ఇద్దరి మధ్యా నోటితో అనుకున్నాకే నీకు తను, తనకి నువ్వు. ఫికాంచీగా ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఇంకొకరితో కనిపిస్తే 'మోసం చేశావు' అని నిలదీసే హక్కు నీకు రాదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. నాకు ఇది మొదట్లో ఒంటికి పట్టలేదు, తర్వాత తర్వాత మన పద్ధతే విచిత్రంగా అనిపించింది. ఇక్కడ చర్చ్ స్ట్రీట్‌లో ఆరు నెలలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరిగి, తెలిసినవాళ్ళు ఎదురైతే 'మా కజిన్' అంటాం. పేరు పెడితే ఊళ్ళో తెలిసిపోతుందని మన భయం.

అన్నట్టు వాళ్ళ ప్రేమికుల రోజు ఫిబ్రవరిలో కాదు, జూన్ 12న. పెళ్ళిళ్ళు కుదుర్చుతాడని పేరున్న సెయింట్ ఆంథోనీ పండుగకి ముందు రోజు. 1940ల చివర్లో జూన్ నెలలో అమ్మకాలు లేని ఒక దుకాణం కోసం ప్రకటనలవాళ్ళు మొదలుపెట్టింది, జనం పట్టుకున్నారు. నీ ఆరు నెలల్లో ఆ తేదీ వస్తే ఫికాంచీకి కానుక కొనాలా వద్దా అన్న టెన్షన్ నీకూ తప్పదు.

సాయంత్రం ఆఫీసు వాళ్ళు బారుకి పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్ళు. టేబుల్ మధ్యలో 600 మిల్లీలీటర్ల బీరు సీసా ఒకటి, చల్లదనం పోకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు, చుట్టూ టీ గ్లాసుల్లాంటి చిన్న గ్లాసులు. 'నాది, నీది' ఉండదు, పక్కవాడి గ్లాసు ఖాళీ అయితే నువ్వు పోస్తావు, నీది వాడు పోస్తాడు. తాగకపోతే గ్వరానా అనే కూల్ డ్రింక్ తెప్పించుకో, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: నేను ఇందిరానగర్‌లో ఉంటాను, ట్రైనింగ్‌కి ఒంటరిగా వెళ్తున్నాను. అక్కడి మగవాళ్ళు మరీ చొరవ చేస్తారని భయపెడుతున్నారు. ఆ చెంప ముద్దులు కూడా నాకు ఇష్టం లేదు.

జవాబు: ఇష్టం లేకపోతే ముందుగా చెయ్యి చాచండి, షేక్ హ్యాండ్ ఇస్తారు. చొరవ మాట నిజమే, సూటిగా అడుగుతారు. మీరూ అంతే సూటిగా 'నావ్', అంటే 'వద్దు', అనండి, నవ్వుతూ నసిగితే అది అవును కింద జమ అయ్యే ప్రమాదం ఉంది. ఒప్పుకోని మనిషిని లైంగికంగా తాకడాన్ని 2018లో చట్టం చేసి నేరంగా ప్రకటించారు, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా జైలు.

నన్నడిగితే ముద్దుల కన్నా ఫోన్ గురించి భయపడాలి. సైకిల్ మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతారు, రోడ్డు మీద మ్యాప్ చూడాలంటే ఏదో ఒక కొట్లోకి వెళ్ళి చూసుకోండి. డేటింగ్ యాప్‌లో పరిచయమై, రమ్మన్న చోటికి వెళ్తే బంధించి ఫోన్లోంచి డబ్బు పంపించుకునే ముఠాలున్నాయి, ఎక్కువగా వీటికి దొరికేది మగవాళ్ళే. మన యూపీఐ లాంటి 'పిక్స్' వాళ్ళకి 2020 నవంబర్లో వచ్చింది, మరుసటి ఏడాదే రాత్రి పూట పంపే డబ్బుకి 1000 రియల్ (వాళ్ళ కరెన్సీ) పరిమితి పెట్టాల్సొచ్చింది ఇలాంటి వాటివల్లే. అందుకని మొదటిసారి కలవడం పగలు, జనంలో. ఆదివారం పౌలిస్తా అవెన్యూలో కార్లు ఆపేస్తారు, పాటగాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, అంతకన్నా మంచి చోటు ఉండదు.

ప్రశ్న: హోటళ్ళు ఖరీదుగా ఉన్నాయి, మోటెల్ చౌకగా ఉంది. టీమ్ అందరికీ బుక్ చేసెయ్యనా?

జవాబు: వద్దు బాబూ! అక్కడ మోటెల్ అంటే జంటలు గంటల లెక్కన తీసుకునే గదులు. పెళ్ళయ్యేదాకా అమ్మానాన్నల దగ్గరే ఉండే పిల్లలు అక్కడా చాలామందే, వాళ్ళ ఇబ్బందికి పుట్టిన ఏర్పాటు అది. మీ మేనేజర్ బిల్లు చూస్తే ఏమంటాడో ఊహించుకోండి.

ప్రశ్న: బాబూ, నేను యలహంక నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి సావో పాలోలో ఉన్నాడు. ఒకమ్మాయితో స్నేహమట, ఈ ఆదివారం వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నారట. ఇది పెళ్ళిచూపులా? మేం మాంసం ముట్టం, వాడేం తింటాడు?

జవాబు: అమ్మా, పెళ్ళిచూపులు కాదు, కంగారు పడకండి. అలాగని ఉత్త భోజనమూ కాదు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఇంటిల్లిపాదీ చేరతారు, అమ్మమ్మ, మేనమామలు, వాళ్ళ పిల్లలు, అందరూ మీవాడి జీతం తప్ప మిగతావన్నీ అడుగుతారు. పేరు పెట్టుకోని స్నేహాలకి ఈ పిలుపు రావడం నేనైతే చూడలేదు. కాబట్టి వాణ్ణి మీరు మెల్లగా అడగొచ్చు.

తిండికి లోటుండదు. అన్నం, రాజ్మా లాంటి చిక్కుడు గింజల కూర వాళ్ళకి రోజూ ఉండేదే, కానీ ఆ కూరలో బేకన్ ముక్క పడుతుంటుంది, ముందే చెప్పమనండి. ఫెజ్వాదా అంటే మాత్రం వద్దనమనండి, అది నల్ల చిక్కుడు గింజల్లో పంది మాంసం వేసి వండేది. చేతులూపుకుంటూ వెళ్ళకుండా ఏదైనా తీపి పట్టుకెళ్ళమనండి. ఒంటిగంటకి రమ్మంటే ఒంటిగంటన్నరకి వెళ్ళినా తప్పులేదు. వాళ్ళు మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక, వాళ్ళ ఒంటిగంట అంటే మీకు రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైములో 'ఏం జరిగింది' అని వీడియో కాల్ చెయ్యకండమ్మా, పొద్దున్న మీరు లేచేసరికి వాడే చెప్తాడు.