యాష్‌ఫర్డ్‌లో ఇల్లు, అడ్రస్‌లో మిడిల్‌సెక్స్, మరి స్కూల్ అప్లికేషన్ ఎవరికి?

బ్రదర్, మీ కన్‌ఫ్యూజన్ అర్థమైంది, ఇంగ్లండ్‌లో లండన్ పక్కనున్న ఈ యాష్‌ఫర్డ్‌లో మీ ఇంటి అడ్రస్‌లో మిడిల్‌సెక్స్ అని పాత కౌంటీ పేరు ఉంది, కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటి పన్ను) బిల్లేమో స్పెల్‌థార్న్ బరో నుంచి వచ్చింది, మరి బాబు రిసెప్షన్ (స్కూల్లో మొట్టమొదటి క్లాసు) అడ్మిషన్‌కి, ఇంటి ముందు రోడ్డు మీద గుంతకి ఎవర్ని అడగాలి అన్నారు కదా. రెండూ చూసేది సర్రే కౌంటీ కౌన్సిలే. స్పెల్‌థార్న్ బరో, అంటే కౌంటీ లోపలి చిన్న స్థానిక కౌన్సిల్, చూసేది చెత్త బిన్నులు, ప్లానింగ్ పర్మిషన్లు, పార్కుల్లాంటివి. టాక్స్ వసూలు చేసేది వాళ్ళే కానీ అందులో ఎక్కువ వాటా కౌంటీకి పోతుంది.

ఇక మిడిల్‌సెక్స్ సంగతి: 1965లో గ్రేటర్ లండన్ ఏర్పడి ఆ కౌంటీ కౌన్సిల్ రద్దయినప్పుడు యాష్‌ఫర్డ్ కలిసి ఉన్న స్టెయిన్స్, దాంతోపాటు సన్‌బరీ లండన్‌లోకి రాకుండా సర్రేకి వెళ్ళాయి, 1974లో ఆ రెండూ కలిపితేనే ఈ స్పెల్‌థార్న్. పోస్టల్ అడ్రస్‌లో మాత్రం పాత పేరు అలాగే ఉండిపోయింది, రాయల్ మెయిల్ 1996లోనే కౌంటీ పేరు అక్కర్లేదంది, అయినా జనం వదల్లేదు. పోస్ట్‌కోడ్ TW15 కరెక్ట్‌గా వేయండి చాలు, లేకపోతే కెంట్‌లో ఇంకో యాష్‌ఫర్డ్ ఉంది మరి!

రిసెప్షన్ అప్లికేషన్‌కి లాస్ట్ డేట్ జనవరి 15, సర్రే సైట్‌లోనే పెట్టండి, మీకు నచ్చిన స్కూల్ పక్కనున్న హౌన్‌స్లో అనే లండన్ బరోలో ఉన్నా సరే అదే ఫామ్‌లో రాయాలి. గుంత కంప్లైంట్ కూడా అక్కడే, ఫోటో తీసి అప్‌లోడ్ చేయండి.