అమ్మాయి చేత నాన్‌ప్రాఫిట్ పెట్టించమంటారా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఈ ఆగస్టులో ట్వెల్త్‌కి వస్తుంది. మార్కులకి ఢోకా లేదు, కానీ లీడర్‌షిప్ అని చూపించుకోడానికి ఏమీ లేదు. స్టూడెంట్ కౌన్సిల్ ఎన్నికల్లో ఓడిపోయింది. రెండేళ్లుగా శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతోంది, అది ఎవరైనా చేసేదే కదా. తెలిసినవాళ్ల పిల్లలు సొంతంగా నాన్‌ప్రాఫిట్‌లు, అంటే లాభాపేక్ష లేని సేవాసంస్థలు, పెట్టారు. మేమూ ఈ వేసవిలో పెట్టిస్తే కోకాకోలా, ఎల్క్స్, సెనేట్ యూత్ స్కాలర్‌షిప్‌లకి పనికొస్తుందా? మూడింట్లో ఏది తేలిక? మాది ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసానే, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. అమ్మాయిది మా వీసా మీద వచ్చే హెచ్-4, బాబు ఇక్కడే పుట్టాడు. దీనివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: అమ్మా, మొదట రాయాల్సిన మాట చివర రాశారు. దానికే ముందు జవాబు చెబుతాను. ఇబ్బందే. ఎల్క్స్ వాళ్ల మోస్ట్ వాల్యుబుల్ స్టూడెంట్ పోటీ అమెరికా పౌరులకు మాత్రమే. సెనేట్ యూత్‌కి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. కోకాకోలా అర్హుల జాబితాలో వాళ్లతోపాటు శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలున్నాయి గానీ హెచ్-4 లేదు. ఐ-140 అప్రూవ్ అయింది కదా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. అది గ్రీన్ కార్డు వరసలో మీ చోటు ఖాయం చేస్తుంది, అంతే. గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఈ ఫారాల దృష్టిలో మీ అమ్మాయి శాశ్వత నివాసి కాదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. పైకి స్కాలర్‌షిప్ అడుగుతారు, లోపల భయం వేరే ఉంటుంది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఇక్కడికి తెచ్చుకున్నాం, వరస కదలడం లేదు, పిల్ల 21 దాటి హెచ్-4 పోతే ఏమిటి, తమ్ముడికి ఉన్న దారులు దానికి లేకపోతే మనల్ని ఏమనుకుంటుంది? ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ భయాన్ని నాన్‌ప్రాఫిట్‌గా మార్చి పిల్ల నెత్తిన పెడుతున్నారు.

అసలు ఈ సంగతి అమ్మాయికి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. సెప్టెంబరులో ఏదో ఫారం నింపుతూ, ఇమిగ్రేషన్ స్టేటస్ అడిగే గడి దగ్గర తనంతట తను తెలుసుకోవాలా? ఇవాళే కూర్చోబెట్టి చెప్పండి. ఇది తన లోపం కాదని, మీ తప్పూ కాదని చెప్పండి. పదిహేడేళ్ల పిల్ల నిజాన్ని తట్టుకోగలదు, అమ్మానాన్నా దాచారన్న సంగతే తట్టుకోలేదు.

ఇక నాన్‌ప్రాఫిట్. ఈ ఫ్యాషన్ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. టెన్త్, ఇలెవెన్త్ పిల్లలు వరసపెట్టి ఫౌండర్లు అవుతున్నారు. ఒక వెబ్‌సైట్, ఒక లోగో, సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు ఊళ్లో బడికి నాలుగు పాత లాప్‌టాప్‌లు ఇచ్చిన ఫొటో. ఆ లాప్‌టాప్‌లు ఆర్నెల్ల తర్వాత పనిచేస్తున్నాయో లేదో ఎవరూ అడగరు. దరఖాస్తులు చదివేవాళ్లు ఇలాంటివి కుప్పలుగా చూశారు, ఎవరి చేతిరాతో వాళ్లకి తెలుస్తుంది.

కాగితాల సంగతీ చూద్దాం. చిన్న సంస్థకి పన్ను మినహాయింపు కోసం ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా పన్నుల శాఖకి, 1023-ఈజడ్ ఫారం నింపి 275 డాలర్లు కట్టాలి. అది పెద్ద కష్టం కాదు. ఆ తర్వాత ఏటా రిటర్ను వేయాలి, వరసగా మూడేళ్లు వేయకపోతే గుర్తింపు దానంతటదే రద్దవుతుంది. అమ్మాయి వచ్చే ఏడాది కాలేజీ హాస్టల్లో ఉంటుంది. అప్పుడు ఆ రిటర్ను ఎవరు వేస్తారు? మీరే. మైనరు కాబట్టి బ్యాంకు ఖాతాకి, ఒప్పందాలకి పెద్దవాళ్ల సంతకాలు కావాలి. అంటే పేరు అమ్మాయిది, పని మీది. దీన్ని లీడర్‌షిప్ అంటే నవ్వుతారమ్మా. ఆగస్టులో స్కూలు తెరుస్తుండగా ఈ వేసవిలో సమాజసేవకురాలిని తయారు చేయాలనుకోవడం, పెళ్లిచూపుల ముందురోజు వంట నేర్పడం లాంటిది.

అన్నీ బూటకం అనను. తన వీధిలో ఒక ఇబ్బందిని చూసి, దానికోసం ఏళ్లపాటు తిరిగి, పెరిగి పెద్దదయ్యాక డబ్బు లెక్కలకి సంస్థ అవసరమై పెట్టిన పిల్లలూ ఉన్నారు. అక్కడ పని ముందు పుట్టింది, రిజిస్ట్రేషన్ తర్వాత వచ్చింది. మీరు అడిగేది దానికి తలకిందులు.

సేవ చేసిన గంటల లెక్క మోజూ ఇలాంటిదే. మన సంఘాల్లో ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు కోసం గంటలు కూడబెట్టిన పిల్లలు ఎంతోమంది. 2025లో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. సర్టిఫికెట్ కోసమే చేసినవాళ్లకి అది పెద్ద దెబ్బ. పని ఇష్టపడి చేసినవాళ్లకి మాత్రం చెప్పుకోడానికి ఆ పని మిగిలింది.

మూడింటినీ పోల్చమన్నారు. ఇక్కడే పుట్టి పౌరుడైన బాబు కోసం ఈ పోలిక దాచుకోండి. కోకాకోలా ఏటా 150 మందికి తలా 20,000 డాలర్లు ఇస్తుంది. దరఖాస్తులు లక్ష దాటుతున్నాయి, అంటే ఆరేడు వందల మందిలో ఒకరికి. ఎల్క్స్ వాళ్లు 500 మందికి ఇస్తారు, చాలామందికి వచ్చేది నాలుగేళ్లకి కలిపి 4,000. సెనేట్ యూత్‌కి రాష్ట్రానికి ఇద్దరే, 10,000 డాలర్లు, వాషింగ్టన్‌లో ఒక వారం, అయితే ఆ ఏడాది స్టూడెంట్ కౌన్సిల్ లాంటి ఏదో ఒక పదవిలో ఉండి తీరాలి. తేలికైనది ఏదీ లేదు. పైగా పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది ఖర్చు 80,000 దాటిపోతున్న రోజుల్లో ఒక్కసారి వచ్చే 20,000 ఎంతకని? కొన్ని కాలేజీలు బయటి స్కాలర్‌షిప్ రాగానే తాము ఇచ్చే గ్రాంటులో ఆ మేరకు కోత పెడతాయి. మేరీల్యాండ్ 2017లో తన ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని కట్టడి చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ చేశాయి, అన్నీ కాదు.

మీ అమ్మాయికి డబ్బు దొరికే చోటు వేరే ఉంది. ఫెడరల్ సాయం హెచ్-4కి లేదు, దానికి పెట్టే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ దరఖాస్తు గురించి టెన్షన్ పడకండి. ప్రైవేటు కాలేజీలు చాలావరకు సాయం విషయంలో హెచ్-4 పిల్లల్ని విదేశీ విద్యార్థులుగానే చూస్తాయి, కాబట్టి విదేశీయులకు సాయం ఇచ్చే కాలేజీలేవో ముందే చూసుకోవాలి. టెక్సస్‌లో హెచ్-4 వాళ్లు రాష్ట్ర నివాసులుగా లెక్కలోకి రాగలరు. మీరు దరఖాస్తు చేసే ప్రతి ప్రభుత్వ యూనివర్సిటీలో రెసిడెన్సీ చూసే విభాగానికి ఈమెయిల్ రాసి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పింది నమ్మకండి. ఒకవేళ నివాసి కాదన్నా, యూనివర్సిటీ పోటీ పెట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే రాష్ట్ర నివాసులకి ఉండే తక్కువ ఫీజే (ఇన్-స్టేట్ ఫీజు) తీసుకునే వెసులుబాటు టెక్సస్ చట్టంలో ఉంది. ప్రతి క్యాంపస్ అందరికీ ఇవ్వదు, అడగాలి. ఆ వెయ్యి డాలర్లు మీకు కోకాకోలా ఇరవై వేలకన్నా ఎక్కువ విలువ చేయొచ్చు.

నాయకత్వం, సేవ చూసి ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్పే కావాలంటే నార్త్ కరోలినాలో మోర్‌హెడ్-కెయిన్ ఉంది. చాపెల్ హిల్‌లోని రాష్ట్ర యూనివర్సిటీలో నాలుగేళ్ల ఖర్చూ వాళ్లదే, పౌరసత్వం అడ్డు కాదు. డ్యూక్, చాపెల్ హిల్ యూనివర్సిటీలు కలిసి నడిపే రాబర్ట్‌సన్ స్కాలర్‌షిప్ కూడా అంతే. రావడం చాలా కష్టం, కానీ తలుపు మూసి లేదు. ఊళ్లో రోటరీ, లయన్స్ క్లబ్బుల్లాంటివి ఇచ్చే చిన్న మొత్తాల్లో కొన్నింటికి స్టేటస్ షరతు ఉండదు, స్కూలు కౌన్సెలర్‌ని జాబితా అడగండి. 21 నిండేలోపు ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారే సంగతి మాత్రం నన్ను కాదు, లాయర్ని అడగాలి.

లైబ్రరీ పని గురించి "ఎవరైనా చేసేదే కదా" అని రాశారు. చేయరమ్మా. మూడు వారాలు వచ్చి సంతకం పెట్టించుకుని మాయమయ్యే వాలంటీర్లే ఎక్కువని ఏ లైబ్రేరియన్ అయినా చెబుతుంది. రెండేళ్లు ప్రతి శనివారం వెళ్లిన పిల్లని మీరు చూసే చూపుకన్నా ఆ లెక్కలు నేర్చుకున్న పిల్లల తల్లులు చూసే చూపు బాగుంటుంది. ఎన్నికల్లో ఓడిపోయాక కూడా మానలేదు, అది గమనించారా? చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో ఒక్కో పనికి దొరికేది 150 అక్షరాలే. ఎంతమంది పిల్లలు, ఏ తరగతులు, తను వచ్చాక అక్కడ ఏం మారింది, ఇంకో ఇద్దరు స్నేహితుల్ని తెచ్చిందా, ఇవి తననే రాయనివ్వండి. మీరు దిద్దొద్దు.

నాన్‌ప్రాఫిట్ కోసం అనుకున్న 275 డాలర్లు అప్లికేషన్ ఫీజులకి పక్కన పెట్టండి. సిఫార్సు లేఖ కోసం ఆ లైబ్రేరియన్‌ని అమ్మాయే వెళ్లి అడగాలి, ఆగస్టు లోపే. ఏ కాలేజీలు బయటివాళ్ల లేఖ తీసుకుంటాయో చూసుకుని ఆ జాబితాతో వెళ్లమనండి.