పాఠకుల ప్రశ్నలు: ఉపగ్రహానికీ ఓ స్కేలు కావాలి

ప్రశ్న: ఆర్కిటిక్ సముద్రంలో తేలే మంచు పలకల మీద శిబిరాలు వేసుకుని శాస్త్రవేత్తలు నెలల తరబడి వాతావరణ వివరాలు సేకరిస్తారని చదివాను. పైన ఇన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. తమంతట తామే లెక్కలు పంపే యంత్రాలూ ఉన్నాయి. ఇంకా మనుషులు ప్రాణాలకు తెగించి అక్కడికి వెళ్ళడం దేనికి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాతావరణ బెలూన్లు ఎగరేసినవాణ్ణి నేను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది మంచులోకి దించి లోతు చూసే స్కేలు.

సోవియట్ శాస్త్రవేత్తలు ‘ఉత్తర ధ్రువం’ అనే పేరుకు వరస నంబర్లు తగిలిస్తూ మంచు పలకల మీద స్టేషన్లు నడిపారు. 1991 నాటికి అవి 31 అయ్యాయి. 1954 నుంచి అక్కడివాళ్ళు శిబిరం పక్కన 500 మీటర్లో, 1,000 మీటర్లో ఒక వరస అనుకుని, 10 మీటర్లకోసారి ఆగి, కురిసిన మంచు లోతు కొలిచి రాసుకునేవారు. తెలుగులో అన్నిటినీ మంచు అనే అంటాం గాని అక్కడ ఉండేవి రెండు: కింద సముద్రపు నీరు గడ్డకట్టిన పలక, దాని మీద ఆకాశం నుంచి రాలిన మెత్తటి పొర. ఇప్పటి ఉపగ్రహం ఆ పలక నీటి మీద ఎంత ఎత్తున తేలుతోందో చూసి దాని మందం లెక్కగడుతుంది. ఆ లెక్క తేలాలంటే పైపొర లోతూ బరువూ తెలియాలి. పైనుంచి చూస్తే అవి అంత సులభంగా అందవు. అందుకే ఉపగ్రహాల లెక్కల్లో ఆ పాత కొలతల సగటులనే ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చారు. ధ్రువ రాత్రి చీకట్లో ఎవరో వంగి చూసి రాసుకున్న అంకె అది. నాకు ఆ మనిషి మీద చాలా గౌరవం.

ఇక గాలి సంగతి. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. ఆర్కిటిక్ చలికాలంలో మబ్బు లేనప్పుడు మంచు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. దాంతో మంచును ఆనుకున్న గాలి బాగా చల్లబడిపోయి, కొన్ని వందల మీటర్ల పైన ఉన్న గాలే వెచ్చగా ఉంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఇంత పలుచటి పొరను ఉపగ్రహం విడిగా గుర్తించలేదు. పైగా తెల్లటి మంచు మీద తెల్లటి మబ్బును పోల్చుకోవడమూ దానికి కష్టమే. బెలూనుకు కట్టిన రేడియోసాండ్ (గాలి వివరాలు కొలిచి రేడియోలో కిందికి పంపే చిన్న పరికరం) మాత్రం ఆ పొర గుండానే వెళ్తుంది. సెకనుకు దాదాపు 5 మీటర్ల చొప్పున లేస్తుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాల్లో దాటేస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. వెచ్చటి గదిలోంచి తెచ్చిన పరికరాన్ని వెంటనే వదిలితే మొదటి అంకెల్లో గది వేడి కలుస్తుంది. మనకు కావలసిన పొరే పాడవుతుంది. కాసేపు బయటి చలికి అలవాటు పడనిచ్చి వదలాలి. 2019–20లో జర్మన్ నౌక పోలార్‌స్టెర్న్‌ను మంచులో చిక్కుకోనిచ్చి, దానితో పాటే కొట్టుకుపోతూ చేసిన మొజాయిక్ యాత్రలో మామూలుగా రోజుకు నాలుగు బెలూన్లు ఎగరేశారు.

యంత్రాల విషయానికి వస్తే, ఆకాశం నుంచి దిగే ఉష్ణ వికిరణాన్ని కొలిచే పరికరం మీద చిన్న గుమ్మటం ఉంటుంది. కొన్ని గంటల్లోనే దాని మీద నూగులాంటి మంచు పేరుకుంటుంది. అప్పుడు దానికి పైనున్న నిర్మలాకాశం కనబడదు, తన నెత్తిన ఉన్న మంచే కనబడుతుంది. ఆకాశం తేటగా ఉన్నా మబ్బు కమ్మినట్టు నమోదవుతుంది. అంకెలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటాయి. గాలి ఊదే ఏర్పాటు పెడతారు, వేడీ చేస్తారు. వేడి మితిమీరితే కొలతే చెడుతుంది. అందుకని ఒక మనిషి వెళ్ళి, తన ఊపిరి తగిలి మళ్ళీ గడ్డకట్టకుండా మొహం పక్కకు తిప్పుకుని, మెత్తటి బ్రష్షుతో తుడవాలి. తుడిచిన వేళ పుస్తకంలో రాయాలి. అది రాయకపోతే ఏ అంకెలు ఉంచాలో, ఏవి కొట్టెయ్యాలో తర్వాత చూసేవారికి తెలియదు.

ప్రాణాలకు తెగించడమన్నారు, నిజమే. ఆ స్టేషన్లలో మొదటిది 1937 మే 21న ధ్రువం దగ్గర మొదలైంది. పపానిన్, ఫ్యోదరొవ్, షిర్షొవ్, క్రెంకెల్ – నలుగురే మనుషులు. జూన్‌లో చ్కాలొవ్ మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాకు విమానం నడిపినప్పుడు వాళ్ళు రేడియోలో పంపిన వాతావరణ వివరాలు పనికొచ్చాయి. 274 రోజుల తర్వాత, 1938 ఫిబ్రవరి 19న, గ్రీన్‌లాండ్ తూర్పు తీరం దగ్గర రెండు నౌకలు వాళ్ళను ఎక్కించుకునేసరికి పలక పగిలి చిన్న ముక్క మిగిలింది.

ప్రశ్న: మంచు పలక కదలడమే కాదు, తిరుగుతుంది కూడా. మరి గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో ఎలా చెబుతారు?
– మరో పాఠకుడు

జవాబు: గాలి దిక్కు చూపే పరికరం బిగించిన స్తంభం కదలకపోయినా పలక తిరిగితే దిక్కు మారిపోతుంది. అయస్కాంత దిక్సూచిని అక్కడ నమ్మడానికి లేదు. పూర్వం సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసి పలక ఎంత తిరిగిందో లెక్కగట్టేవారు. ఇప్పుడు దూరందూరంగా పెట్టిన రెండు జీపీఎస్ యాంటెన్నాలతో తెలుసుకుని, గాలి లెక్కను ఆ మేరకు సరిదిద్దుతారు. సరిగ్గా ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా దక్షిణమే, అన్ని గాలులూ దక్షిణపు గాలులే. అందుకని ధ్రువానికి ఒక డిగ్రీ లోపల గ్రీనిచ్ రేఖాంశం ఉన్న వైపును సున్నా అనుకుని, అక్కడి నుంచి దిక్కులు లెక్కపెట్టాలని అంతర్జాతీయ నియమం పెట్టుకున్నారు.